ఒంటికీ రెంటికీ

క్లాసులో చిటికెనవేలు చూపించి బయటికి వెళ్ళడం మా అమ్మాయికి తెలీదు. గడియారం చూసి వెళ్తుంది, నాలుగు గంటలకోసారి. పుట్టుకతోనే వెన్నెముక అడుగున సరిగ్గా మూసుకోలేదు. స్పైనా బైఫిడా అంటారు. బ్లాడర్ నిండిన కబురు మెదడుకు చేరదు, వదలమన్న కబురు కిందికి రాదు. మూత్రం నిలిచిపోతే ఒత్తిడి పైకి ఎగదన్ని కిడ్నీలు పాడవుతాయి. బట్టలు తడుస్తున్నాయని నా గోల. డాక్టర్ల భయం మాత్రం కిడ్నీల గురించే.

మొదట్లో నేనే సన్నటి గొట్టం పెట్టి తీసేదాన్ని. అమెరికా డాక్టరు జాక్ లాపిడెస్ 1972లో చెప్పిన పద్ధతి అది. ఆపరేషన్ థియేటర్లో ఉండేంత శుద్ధి అక్కర్లేదు, చేతులు సబ్బుతో కడుక్కుంటే చాలు, బ్లాడర్ని మాత్రం పొంగనివ్వకూడదు. కానీ పదేళ్ళ పిల్ల వీల్‌చైర్ దిగి, బట్టలు విప్పి, అద్దం పెట్టుకుని ఒక్కతే ఎలా చేసుకుంటుంది? రోజూ ఒంటిగంటకు బడికి నా పరుగే.

సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి చూపించారు. అపెండిక్స్‌ని పేగు నుంచి విడదీస్తారు, దానికి రక్తం అందించే నాళం మాత్రం తెగకుండా. ఒక కొస బ్లాడర్‌కి, ఇంకోటి బొడ్డుకి. ఇక సన్నటి గొట్టం పెట్టేది బొడ్డులోంచే. బ్లాడర్ లోపొర కింద కొంత దూరం పాకించి కుడతారు గనక, నిండేకొద్దీ ఆ ఒత్తిడికే ఆ దారి నొక్కుకుని మూసుకుంటుంది. బిరడా అవసరమే లేదు. ఫ్రెంచి సర్జన్ పాల్ మిత్రోఫనాఫ్ 1980లో ప్రచురించిన ఉపాయం.

"నొప్పొస్తే కోసి పారేసే ముక్కతోనా!" అంది మా అత్తగారు.

వెన్ను లోపం రెంటినీ వదల్లేదు. దానికీ మామూలుగా ఆ ముక్కే దిక్కు. బ్రిటన్‌లో మలోన్ అనే సర్జన్ 1990లో దాన్నే పొట్టమీదికి తెరిచి, పెద్దపేగు మొదట్నుంచే నీళ్ళతో కడిగే దారి చేశాడు. మా పిల్లకున్న ఒక్క అపెండిక్సూ ఒంటికే ఖర్చయింది గనక రెంటికి చిన్నపేగు ముక్కను గొట్టంగా చుట్టారు. రాత్రి ఉప్పునీళ్ళు ఎక్కించి కమోడ్ మీద ముప్పావుగంట. ఎక్కాలన్నీ అక్కడే వచ్చాయి.

చర్మం దగ్గర రంధ్రం ముడుచుకుపోవడం వీటితో తరచూ వచ్చే చిక్కు. మాకూ ఒకసారి గొట్టం దిగక, అర్ధరాత్రి ఆటోలో ఆస్పత్రికి పరిగెత్తాం.

ఇప్పుడు గొట్టం పెన్సిల్ డబ్బాలో పెట్టుకెళ్తుంది. మొన్న బడికి వెళ్తే బాత్రూమ్ తలుపు సందులోంచి గొంతొచ్చింది: "అమ్మా, నువ్వు బయటే ఉండు."