గ్రాన్ టురిస్మో: తరువాయి భాగములలో నవ్యత ఎంత?

వీడియో గేమ్ అనునది కళాశాల వార్షిక సంచికలో చర్చింపదగిన విషయమా యని పెద్దలకు సందేహము కలుగవచ్చును. మన విద్యార్థులలో పలువురు సాయంకాలములందు చేతబట్టునది ఆట పరికరమే యైనప్పుడు, దానిని గూర్చి యోచింపకుండుట మంచిది కాదని మేము తలంచుచున్నాము. పైగా ఇందు డబ్బు ప్రసక్తి కూడ గలదు. 2022లో గ్రాన్ టురిస్మో ఏడవ ఆట వెలువడినప్పుడు ప్లేస్టేషన్ 5 యంత్రమునకు చెందిన ప్రతి వెల మన దేశమున సుమారు అయిదు వేల రూపాయలు. ఒక కుటుంబము అంత సొమ్ము వెచ్చించునప్పుడు, సంఖ్య మార్చిన ఆ పెట్టెలో నిజముగా క్రొత్తది ఏమున్నదని అడుగుట న్యాయమే.

అయితే క్రొత్తది యనగా ఏమి? ఉర్దూ చదువుకొన్న మన విద్యార్థులకు తరహీ ముషాయిరా సుపరిచితము. అందు కవులందరికి ఒకే మిస్రా ఇత్తురు. ఛందస్సు, ఖాఫియా, రదీఫ్ ముందే నిర్ణీతములు. దీనినే 'జమీన్' అందురు. ఆ సభలో ఎవ్వరును కవిని నీవు క్రొత్త నేల తెమ్మని కోరరు. ఇచ్చిన నేలలోనే క్రొత్త మజ్మూన్ పండించినాడా యని చూతురు. మన అవధానములలోని సమస్యాపూరణము సైతము ఇట్టిదే. కావున ఒక ఆట యొక్క తరువాయి భాగము పాత నేలనే దున్నుచున్నదను కారణముచేత దానిని తక్కువ చేయరాదు. కారు, మార్గము, ఇతరులకంటె ముందు గమ్యము చేరుట అను మూడింటిని మార్చినచో అది కార్ల పందెమే కాకుండ పోవును. మేము అడుగు ప్రశ్న వేరు. పాత భాగములో ఆరితేరినవాడు క్రొత్త భాగమును చేతబట్టినప్పుడు, అతడు మరల నేర్వవలసినది ఏమైన ఉన్నదా?

ఈ ప్రశ్నకు గ్రాన్ టురిస్మో వరుస చక్కని ఉదాహరణము. మొదటి ఆట 1997 డిసెంబరులో జపానులో విడుదలైనది. కజునోరి యమౌచి నాయకత్వమున ఒక చిన్న బృందము అయిదేండ్లు శ్రమించి దానిని రూపొందించినది. అంతకు మున్ను కార్ల పందెపు ఆటలు లేకపోలేదు. 1982 నాటి పోల్ పొజిషన్, 1993 నాటి రిడ్జ్ రేసర్ నాణెము వేసి ఆడు యంత్రములపై ప్రసిద్ధికెక్కినవే. వానిలో ఆటగాని కర్తవ్యము గడువు తీరకముందే మలుపులు దాటి పోవుట. కారు ఒక వాహనముగా గాక ఒక రంగుల బొమ్మగా కనిపించెడిది.

యమౌచి బృందము ఈ భావమునే తలక్రిందులు చేసినది. వారి ఆటలో సుమారు 140 కార్లు గలవు. వానిలో చాల భాగము వీధిలో తిరుగు సామాన్యపు కార్లే. ఆటగాడు కొద్దిపాటి సొమ్ముతో మాజ్దా డెమియో వంటి చిన్న కారును కొని, చిన్న పందెములు గెలిచి, ఆ బహుమతితో టైర్లు, బ్రేకులు, ఇంజను మెరుగుపరచుకొనవలెను. ముఖ్యమైనది ఏమనగా, ఏ కారు బరువు ఎంత, ఏ చక్రములు దానిని నడుపుచున్నవి యను సంగతి ఆటగాని చేతికి తెలిసివచ్చును. ముందు చక్రములు నడుపు కారులో అవే లాగవలెను, అవే తిరుగవలెను; వేగము మీరినచో అవి పట్టు కోల్పోయి కారు మలుపు తిరుగక వెలుపలికి సాగిపోవును. వెనుక చక్రములు నడుపు కారులో మలుపు మధ్య యాక్సిలరేటరును గట్టిగా నొక్కినచో వెనుక భాగమే ప్రక్కకు విసరివేయబడును. బ్రేకు వేసినప్పుడు బరువు ముందునకు ఒరుగును గనుక, ఎప్పుడు బ్రేకు వదలవలెనో తెలిసినవాడే నేర్పరి. భౌతికశాస్త్ర పుస్తకములో జడత్వము, ఘర్షణ యను పేర్లతో చదువు సంగతులే ఇవి. పెద్ద పందెములకు పోవుటకు ముందు లైసెన్సు పరీక్షలలో ఉత్తీర్ణుడు కావలసియుండెను. ఆటలోను పరీక్షలు తప్పలేదని విద్యార్థులు విసుగుకొన్నను, అధ్యాపకులమైన మాకు ఈ ఏర్పాటు మిక్కిలి నచ్చినదని వేరుగ చెప్పనక్కరలేదు.

ఈ శిక్షణ వట్టి భ్రమ కాదనుటకు ఒక నిదర్శనము గలదు. 2008లో నిస్సాన్ సంస్థయు, ఆట నిర్మాతలును కలసి ఈ ఆటలో మేటియైన వారిని నిజమైన పందెములకు తీర్చిదిద్దు పోటీ నొకటి ప్రారంభించిరి. అందు మొట్టమొదటి విజేత స్పెయిన్ దేశీయుడైన లూకాస్ ఓర్దోనియెజ్. ఆయన 2011లో ఫ్రాన్సులోని లె మాన్ 24 గంటల పందెములో తన తరగతియందు తన జట్టుతో రెండవ స్థానము పొందినారు.

ఇక తరువాయి భాగముల సంగతి. రెండవ ఆట 1999లో వచ్చినది. కార్ల సంఖ్య 140 నుండి దాదాపు 650కి పెరిగినది. ఒక డిస్కు చాలక రెండు డిస్కులు అవసరమైనవి. మట్టిబాటపై పందెములు చేరినవి. కాని తొందరపాటు జాడలు కూడ కనిపించినవి. అమెరికాలో మొదట విడుదలైన డిస్కులలో ఆట మొత్తము ముగించినవానికి సైతము 98.2 శాతమునకు మించి పూర్తియైనట్లు చూపదు. మా ప్రశ్న ఇక్కడ వేసిచూడుడు. మొదటి ఆట నేర్చినవాడు రెండవ ఆటలో క్రొత్తగ నేర్చునది మట్టిబాటపై జారుట ఒక్కటే. మిగిలిన అయిదువందల కార్లు విస్తారమే గాని నవ్యత కాదు. గ్రంథాలయములో పుస్తకములు పెరిగినంత మాత్రమున పఠన విధానము మారదు గదా.

మూడవ ఆట దీనికి విరుద్ధముగ నడచినది. 2001లో ప్లేస్టేషన్ 2 పై వచ్చిన ఈ భాగములో కార్లు సుమారు 180 మాత్రమే. మునుపటి దానిలో మూడింట ఒక వంతు కూడ లేవు. అట్టి దానిని జనులు తిరస్కరింపవలసినది. కాని ఈ వరుస మొత్తములో అత్యధికముగ అమ్ముడైనది ఇదియే. సోనీ లెక్కల ప్రకారము 1 కోటి 48 లక్షలకు పైగా ప్రతులు అమ్ముడైనవి. క్రొత్త యంత్రము యొక్క శక్తి, చిత్రముల సొగసు అందుకు కొంత కారణమని ఒప్పుకొనవలెను. అయినను కార్ల నడవడి మునుపటికంటె సూక్ష్మమైనది. స్టీరింగ్ చక్రమును అమర్చుకొని ఆడిన వారికి రోడ్డు చేతికి తగిలినట్లు తోచెను. సంఖ్య తగ్గించియు గుణము పెంచవచ్చునను సంగతి ఇందువలన తెలియుచున్నది. ఈ పాఠమును ఆ సంస్థయే తరువాత కొంతకాలము మరచినదని మా అభిప్రాయము.

నాల్గవ ఆట 2004లో జపానులో వెలువడినది. ఇందు కార్లు 700 దాటినవి. జర్మనీలోని నూర్‌బుర్గ్‌రింగ్ పాత మార్గము, ఇరువది కిలోమీటర్లకు పైబడినది, ఇందు చేరినది. ఇన్ని మలుపులు కంఠస్థము చేయుటయే ఒక విద్య. మరియొక నూతన కల్పన కూడ ఇందు గలదు. ఆటగాడు తాను నడుపుట మాని, జట్టు నిర్వాహకునివలె డ్రైవరునకు వేగము హెచ్చించుము, నెమ్మదించుము అని ఆజ్ఞలిచ్చు పద్ధతి అది. కొందరికిది నిద్ర తెప్పించినది. 24 గంటల పందెములలో ఎప్పుడు టైర్లు మార్చవలెను, ఎప్పుడు ఓర్పు వహింపవలెను అను వివేకమును ఇది నేర్పినది గనుక మేము దీనిని నిజమైన నవ్యతగనే లెక్కించుచున్నాము.

అయిదవ ఆట కొరకు జనులు 2010 నవంబరు వరకు వేచియుండిరి. పెట్టెపై కార్లు వేయికి పైగా యని ప్రకటించిరి. తెరచి చూచినచో వానిలో సుమారు 200 మాత్రమే క్రొత్తగ నిర్మింపబడినవి. తక్కిన 800 పాత ప్లేస్టేషన్ 2 ఆటలనుండి తెచ్చినవి. వానికి లోపలి భాగము చూపు దృశ్యము కూడ లేదు. ఒక్క కారును సమగ్రముగ నిర్మించుటకు ఆరు మాసములు పట్టుచున్నదని యమౌచి చెప్పియున్నారు గనుక కారణము మాకు అర్థమైనది. కారణము తెలిసినంత మాత్రమున వేయి యను ప్రకటన నిజాయితీ గలది కాజాలదు. అయితే ఇదే ఆటలో కొన్ని మార్గములపై పందెము నడుచుచుండగనే వాన వచ్చుట, చీకటి పడుట, కారు దెబ్బతినుట చేరినవి. తడి రోడ్డుపై నడపుటకు పాత నేర్పు చాలదు. పెట్టెపై పెద్ద అక్షరములలో వేసినది నవ్యత కాదు. నవ్యత మరియొకచోట ఉన్నది. ఆరవ ఆట, 2013 నాటిది, కార్లను 1,200కు పెంచినది. అంతకుమించి చెప్పవలసినది తక్కువ.

2017 నాటి గ్రాన్ టురిస్మో స్పోర్ట్ గూర్చి విస్తరించి వ్రాయవలెను, ఏలయన ఇదియే ఎక్కువ నిందకు గురియైనది. విడుదల నాటికి ఇందు కార్లు సుమారు 160. కొన్నవారు వట్టి పెట్టె యని కేకలు వేసిరి. ఒంటరిగ ఆడుకొనువారి ఫిర్యాదులో న్యాయము లేకపోలేదు. కాని ఇందొక క్రొత్త మజ్మూన్ పుట్టినది. ఇతర మనుష్యులతో ఇంటర్నెట్ ద్వారా పోటీపడుటకు ముందు, పందెములో మర్యాద ఎట్లు పాటింపవలెనో తెలుపు చిన్న చిత్రములు తప్పక చూడవలెను. అటుపిమ్మట ప్రతి ఆటగానికి రెండు లెక్కలు ఉంచుదురు. ఒకటి అతని వేగమునకు, రెండవది అతని ప్రవర్తనకు. ప్రక్కవానిని గ్రుద్ది ముందునకు పోయినచో రెండవ లెక్క తగ్గును. అది తగ్గినవానికి తనవంటి వారితోడనే పోటీ లభించును. ముఖము కనిపించని చోట మనుష్యుడు ఎంత మొరటుగ ప్రవర్తించునో మనమెరుగుదుము. అట్టి చోట తహజీబును ఆటలో భాగము చేసిన కల్పన ఇది. ఇరువదియేండ్లుగ ఈ వరుసలో ఆరితేరినవాడు సైతము ఇక్కడ చోటు వదలుట, వెనుక ఓర్పుతో సాగుట మరల నేర్వవలసివచ్చినది. మా దృష్టిలో మొదటి ఆట తరువాత ఇంతటి మార్పు మరియొకటి రాలేదు.

ఏడవ ఆట పాత వైభవమును తిరిగి తెచ్చినది: 400కు పైగా కార్లు, పాత మార్గములు, ప్రవర్తన లెక్కలు కూడ. వాన వెలసిన పిమ్మట కార్లు నడచిన దారి ముందుగ ఆరుట ఇందలి సొగసైన విశేషము. టైర్లు ఎప్పుడు మార్చవలెనో ఆ దారిని చూచి ఊహింపవలెను. అన్నిటికంటె విశేషమైనది సోఫీ యను కృత్రిమ మేధ. మేటి ఆటగాండ్రను ఇది ఓడించిన వృత్తాంతము 2022 ఫిబ్రవరిలో నేచర్ శాస్త్ర పత్రిక ముఖచిత్రముతో ప్రకటించినది. అది ఆటలోనికి 2023లో ప్రవేశించినది. గమనింపవలసినది ఏమనగా, ఇది ఎనిమిదవ భాగముగ రాలేదు. ఉన్న ఆటకే సవరణగ వచ్చినది. అనగా నవ్యతకు క్రొత్త సంఖ్య, క్రొత్త పెట్టె, మరి అయిదు వేల రూపాయలు తప్పనిసరి కాదన్నమాట.

పుస్తకమునకు రెండవ భాగము వచ్చినచో మొదటి భాగము మన బీరువాలో భద్రముగనే యుండును. ఈ ఆటలలో అట్లు జరుగుట లేదు. అయిదవ ఆట ఇంటర్నెట్ సేవలు 2014లోను, ఆరవ ఆట సేవలు 2018లోను నిలిచిపోయినవి. స్పోర్ట్ సేవలు 2024 జనవరి 31న ముగిసినవి. ఒంటరిగ ఆడు భాగము మిగిలినది. మేము పైన మెచ్చుకొన్న మనుష్యుల పోటీ, మర్యాద లెక్క ఆ ఆటలో లేకుండ పోయినవి. అవి కావలసినవాడు ఏడవ ఆటను కొనవలెను. ఇట్లు తరువాయి భాగము క్రొత్తదనముచేత గాక, పాతదాని లేమిచేత అమ్ముడుపోవు స్థితి కలుగుచున్నది.

ఇంతకంటె కఠినమైన ఉదాహరణము మరియొక కార్ల పందెపు వరుసలో గలదు. యూబీసాఫ్ట్ సంస్థ 2014లో ది క్రూ అను ఆటను అమ్మినది. ఇంటర్నెట్ లేనిదే అది ఒంటరిగ ఆడువానికి సైతము తెరచుకొనదు. రెండు తరువాయి భాగములు వచ్చిన పిమ్మట, 2024 మార్చి 31న మొదటి ఆట సేవలను నిలిపివేసిరి. డబ్బు చెల్లించి కొన్నవాని చేతిలో డిస్కు మిగిలినది, ఆట మిగులలేదు. దీనిపై పలు దేశములలో వినియోగదారులు ఉద్యమించిరి. మిగిలిన రెండు భాగములను ఇంటర్నెట్ లేకుండ ఆడు వీలు కల్పింతుమని ఆ సంస్థ అదే సంవత్సరము సెప్టెంబరులో ప్రకటించినది. అదే మాసమున అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము, డిజిటల్ వస్తువును అమ్మునప్పుడు కొనువానికి దక్కునది సొంత హక్కు కాదు, అనుమతి మాత్రమేనని స్పష్టముగ తెలుపవలెనని చట్టము చేసినది.

కావున మన విద్యార్థులు తరువాయి భాగమును కొనుటకు ముందు, కార్లెన్ని, మార్గములెన్ని యను లెక్కతో బాటు, ఇంటర్నెట్ తీసివేసినచో ఇందు ఏమి మిగులునని కూడ విచారింపవలెను. 2022 మార్చిలో ఏడవ ఆట సేవలు ముప్పది గంటలకు పైగా స్తంభించినప్పుడు, అందలి అధిక భాగము ఎవ్వరికిని తెరచుకొనలేదు; యమౌచి క్షమాపణ చెప్పవలసివచ్చినది. 1997 నాటి మొదటి డిస్కును ఆ కాలపు యంత్రములో పెట్టినచో, డెమియో కారు, లైసెన్సు పరీక్షలు, ఆ 140 కార్లు నేటికిని ఎవరి అనుమతియు లేకుండ తెరపైకి వచ్చును.