సొంత డైరెక్టరీలో కొత్త కంపైలర్

మన హాస్టల్ నుంచి ఇంజనీరింగ్ కాలేజీకి వెళ్తున్న వాళ్లలో చాలామందికి సొంత ల్యాప్‌టాప్ లేదు. ఫైనలియర్ ప్రాజెక్టు కూడా కాలేజీ ల్యాబ్‌లోనే చేసుకోవాలి. చిన్న ప్రోగ్రామింగ్ భాషనొకదాన్ని సొంతంగా తయారుచేయాలనుకునే మిత్రులకు ఎల్‌ఎల్‌వీఎం బాగా ఉపయోగపడుతుంది. 2000లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయంలో మొదలైన ఈ సాఫ్ట్‌వేర్ ఆధారంగానే రస్ట్, స్విఫ్ట్, జూలియా కంపైలర్లు పనిచేస్తున్నాయి. ల్యాబ్‌లో ఉన్నదేమో సెంటాస్ 7. దానికి మద్దతు 2024 జూన్ 30తోనే ముగిసింది. దాంతోపాటు వచ్చే జీసీసీ 4.8వది. ఎల్‌ఎల్‌వీఎం 16 (2023) నుంచి కనీసం జీసీసీ 7 కావాలి. కొత్తది ఎక్కిద్దామంటే రూట్ పాస్‌వర్డ్ మన దగ్గర ఉండదు. అందరూ వాడే యంత్రం పాస్‌వర్డ్ అందరికీ ఇవ్వకపోవడమే మంచిదని మా అభిప్రాయం! అయినా మన హోమ్ డైరెక్టరీ మనదే కదా.

ముందు పాత జీసీసీతోనే కొత్త జీసీసీని, ఉదాహరణకు 10వ వెర్షన్‌ని, బిల్డ్ చేయాలి. దానికి కావలసిన జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ లైబ్రరీలను తెచ్చిపెట్టే స్క్రిప్టు సోర్స్‌లోనే ఉంటుంది. కాన్ఫిగర్ చేసేటప్పుడు ప్రిఫిక్స్‌గా హోమ్‌లోని ఒక ఫోల్డర్‌ని ఇవ్వాలి. 32 బిట్ లైబ్రరీలు లేని యంత్రమైతే మల్టీలిబ్ వద్దని చెప్పాలి. మేక్ అని కొట్టాక గంటల తరబడి నడుస్తుంది. ఎందుకంటే జీసీసీ మూడుసార్లు తయారవుతుంది. పాత కంపైలర్ మొదటిదాన్ని, ఆ మొదటిది అదే సోర్స్ నుంచి రెండోదాన్ని, రెండోది మూడోదాన్ని తయారుచేస్తాయి. చివర్లో రెండో, మూడో దశల ఆబ్జెక్ట్ ఫైళ్లను పోల్చి చూస్తారు. అవి కలవకపోతే బిల్డ్ అక్కడే ఆగిపోతుంది.

ఇక ఎల్‌ఎల్‌వీఎం. పాత సీమేక్ సరిపోదు, కొత్తది కూడా హోమ్‌లోనే పెట్టుకోవచ్చు. సీసీ, సీఎక్స్ఎక్స్ అనే రెండు వేరియబుల్స్‌లో మన కొత్త కంపైలర్ల పూర్తి పాత్ ఇవ్వాలి. ఇంతటితో అయిపోయిందనుకుంటాం. కానీ బిల్డ్ మధ్యలో "జీలిబ్‌సీఎక్స్ఎక్స్ వెర్షన్ దొరకలేదు" అని ఆగిపోతుంది. కంపైలర్ చెడిపోయిందని చాలామంది మళ్లీ మొదటికి వెళ్తారు. కంపైలర్ బాగానే ఉంది. ఎల్‌ఎల్‌వీఎం బిల్డ్‌లో టేబుల్‌జెన్ అనే చిన్న ప్రోగ్రాం ముందుగా తయారై, అక్కడికక్కడే నడిచి, మిగతా కోడ్‌లో కొంత భాగాన్ని రాసిపెడుతుంది. అది తయారైంది కొత్త సీ ప్లస్ ప్లస్ లైబ్రరీతో. నడిచేటప్పుడు మాత్రం లోడర్ అలవాటు ప్రకారం సిస్టంలోని పాత లైబ్రరీనే తెచ్చి ఇస్తుంది. అందుకే ఆ గొడవ. ఎల్‌డీ లైబ్రరీ పాత్ అనే వేరియబుల్‌తో దాన్ని దాటవచ్చు గానీ, అది ఆ టెర్మినల్ మూసేదాకే, పైగా అక్కడ నడిచే ఇతర ప్రోగ్రాములకూ తగులుతుంది. లింకర్‌కి ఆర్‌పాత్ ఆప్షన్ ఇచ్చి మన లిబ్64 ఫోల్డర్ దారిని ప్రోగ్రాంలోనే రాయించడం మేలు.

మెమరీ తక్కువున్న యంత్రాలు లింకింగ్ దగ్గర చేతులెత్తేస్తాయి. రిలీజ్ బిల్డ్ పెట్టి, ఎక్స్86 ఒక్కదానికే పరిమితం చేసి, ఒకేసారి నడిచే లింకింగ్ పనులను ఒకటికి తగ్గిస్తే గట్టెక్కవచ్చు. తయారైన క్లాంగ్‌తో సీ ప్లస్ ప్లస్ ప్రోగ్రాం రాసేటప్పుడు జీసీసీ టూల్‌చైన్ అనే ఆప్షన్‌లో మన ఫోల్డర్ పేరు ఇవ్వాలి, లేకపోతే అది కూడా 4.8 హెడర్ల దగ్గరికే వెళ్తుంది.