ఎక్లిప్స్ తెరుచుకోనప్పుడు

అశోక్‌నగర్ హాస్టళ్లలో ఉండి చదువుకొనే మన విద్యార్థులు చాలామంది సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్‌ల మీదనో, నారాయణగూడ వైపు నెట్ సెంటర్లలోనో జావా ప్రాక్టికల్స్ చేస్తుంటారు. నిన్నటిదాకా బాగా పనిచేసిన ఎక్లిప్స్ ఈరోజు తెరుచుకోదు. రికార్డు ఇవ్వవలసిన గడువేమో దగ్గరపడి ఉంటుంది. ఆ కంగారులో ఎక్లిప్స్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. వర్క్‌స్పేస్ ఫోల్డర్‌ను కూడా తొలగించినవారు అంతవరకు రాసిన ప్రోగ్రాములన్నీ పోగొట్టుకొంటారు.

ఎక్లిప్స్ వేరు, మీ ప్రోగ్రాములు వేరు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో ఒక బీరువా తాళం బిగుసుకుపోతే లోపలి పుస్తకాలు చెడిపోవు కదా! ప్రాజెక్టు ఫోల్డర్‌లోని జావా ఫైళ్లు మామూలు టెక్స్ట్ ఫైళ్లే. నోట్‌ప్యాడ్‌లో కూడా తెరుచుకొంటాయి. అందువల్ల మరే ప్రయత్నమూ చేయకముందు వర్క్‌స్పేస్ ఫోల్డర్ మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి కాపీ చేసుకోండి.

ఇక కారణం సంగతి. ఎక్లిప్స్ ఐకాన్ నొక్కగానే ఒక చిన్న లాంచర్ ప్రోగ్రామ్ మొదలై, కంప్యూటర్‌లో జావా ఎక్కడుందో వెతుకుతుంది. జావా దొరికాక ప్లగిన్‌లు లోడ్ అవుతాయి. ఆ తరువాత వర్క్‌స్పేస్ తెరుచుకొంటుంది. ఈ మూడింటిలో ఎక్కడ ఆగిందో తెలిస్తే సగం పని అయినట్లే.

జావా దగ్గర ఆగితే సాధారణంగా సందేశం కనిపిస్తుంది. 'ఎగ్జిట్ కోడ్ 13' అని వస్తే, 64 బిట్ ఎక్లిప్స్‌కు 32 బిట్ జావా తగిలిందా అని మొదట చూడాలి. ఇది హఠాత్తుగా ఎందుకు జరుగుతుంది? వేరే సాఫ్ట్‌వేర్ కోసం ఎవరో ఇంకొక జావా ఇన్‌స్టాల్ చేస్తారు. అది పాత్ వేరియబుల్‌లో ముందు వరుసలో చేరుతుంది. లాంచర్‌కు మొదట అదే దొరుకుతుంది. పదిమంది వాడే కంప్యూటర్లలో ఈ చిక్కు ఎక్కువ. మరో సందర్భం కూడా ఉంది. ఎక్లిప్స్ 2020-09 విడుదల నుంచి జావా 11, 2022-09 నుంచి జావా 17 అవసరమయ్యాయి. పాత ఎక్లిప్స్‌నే అప్‌డేట్ చేసుకొంటూ, జావా 8తో సరిపెట్టుకొన్నవారికి 'ఈ జావా వెర్షన్ సరిపోదు' అన్న సందేశం వస్తుంది.

రెండింటికీ పరిష్కారం ఒకటే. సరైన జావా కంప్యూటర్‌లో ఉండేలా చూసుకొని, ఎక్లిప్స్ ఫోల్డర్‌లోని 'ఎక్లిప్స్ డాట్ ఐఎన్‌ఐ' ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి, ఏ జావా వాడాలో చెప్పండి. 'మైనస్ వీఎం' అన్నది ఒక వరుసలో, జావా ఉన్న చోటు దాని కింది వరుసలో ఉండాలి. రెండూ ఒకే వరుసలో రాస్తే పనిచేయదు. ఈ రెండు వరుసలూ 'మైనస్ వీఎంఆర్గ్స్' అన్న వరుసకు పైన రావాలి. కిందికి వెళితే లాంచర్ వాటిని పట్టించుకోదు. విద్యార్థులు తడబడేది ఇక్కడే.

'వర్క్‌స్పేస్ వాడుకలో ఉంది' అని వస్తే, పాత ఎక్లిప్స్ పూర్తిగా ముగియలేదని అర్థం. టాస్క్ మేనేజర్‌లో మిగిలిపోయిన ఎక్లిప్స్‌ను, దాని జావా ప్రాసెస్‌ను ముగించండి. లాక్ ఫైలును తొలగించమని కొందరు సలహా ఇస్తారు గాని, ప్రాసెస్ నడుస్తున్నంతసేపు విండోస్ ఒప్పుకోదు.

కరెంటు పోయి కంప్యూటర్ ఆగిపోయిన తరువాత ఎక్లిప్స్ లోగో కనిపించి అక్కడే నిలిచిపోతుంటే, వర్క్‌స్పేస్‌లోని మెటాడేటా దెబ్బతిని ఉండవచ్చు. అందులోని లాగ్ ఫైలును చివరి నుంచి పైకి చదవండి. తాజా లోపం అడుగునే ఉంటుంది. ప్లగిన్ పేర్లు కనిపిస్తే ఎక్లిప్స్‌ను 'మైనస్ క్లీన్' ఆప్షన్‌తో ఒకసారి నడిపి చూడాలి. అప్పటికీ తెరుచుకోకపోతే 'మైనస్ డేటా' ఆప్షన్‌తో ఒక కొత్త ఖాళీ ఫోల్డర్‌ను వర్క్‌స్పేస్‌గా ఇవ్వండి. అది తెరుచుకొంటే ఎక్లిప్స్‌లో లోపం లేనట్లే. ఫైల్ మెనూలోని ఇంపోర్ట్‌కు వెళ్లి, 'ఎగ్జిస్టింగ్ ప్రాజెక్ట్స్ ఇన్‌టు వర్క్‌స్పేస్' ఎంచుకొని, పెన్‌డ్రైవ్‌లోని ప్రాజెక్టులను చూపించండి. ప్రాజెక్టులను వర్క్‌స్పేస్‌లోకి కాపీ చేయమనే గడిలో టిక్ పెట్టడం మరవకండి. లేకపోతే ఎక్లిప్స్ పెన్‌డ్రైవ్‌లోని ఫైళ్లనే వాడుతుంది, దాన్ని తీయగానే ప్రాజెక్టు కనిపించదు.