డీజిల్ బండికి ప్రథమచికిత్స

తిరుపతి ప్రయాణమైనా పెళ్లిబృందమైనా ఇంటిల్లిపాదీ ఎక్కేది పెద్దబండే. ఆ పెద్దబండి చాలావరకూ డీజిల్‌దే. అది నడిరోడ్డు మీద మొరాయిస్తే? దగ్గర్లో మెకానిక్కు లేకపోతే? కంగారుపడి ఏదో ఒకటి చేసేకంటే... ఏం చేయాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చేయకూడదో ముందే తెలుసుకోవడం మేలు.

‘పెట్రోలు బండికీ డీజిల్ బండికీ తేడా ఏమిటి?’ అని అడిగితే చాలామంది ఠక్కున చెప్పే జవాబు... రేటూ మైలేజీ! నిజమే కానీ, అసలు తేడా ఇంజిన్ లోపల ఉంది. పెట్రోలు ఇంజిన్లో స్పార్క్ ప్లగ్ నిప్పురవ్వ పుట్టిస్తే ఇంధనం మండుతుంది. డీజిల్ ఇంజిన్లో ఆ ప్లగ్ ఉండదు. లోపలికి పీల్చుకున్న గాలిని పదహారు నుంచి ఇరవై వంతుల దాకా నొక్కేస్తుంది పిస్టన్. సైకిల్ టైరుకు గాలి కొట్టేటప్పుడు పంపు వేడెక్కుతుంది చూడండి, అదే సూత్రం. ఆ నొక్కుడికి గాలి వేడి 500 డిగ్రీలు దాటిపోతుంది. అందులోకి డీజిల్‌ను మంచులా చిమ్మితే చాలు, దానంతటదే భగ్గుమంటుంది. జర్మనీకి చెందిన రుడాల్ఫ్ డీజిల్ 1890ల్లో రూపొందించిన పద్ధతి ఇది. ఇంజిన్‌కీ ఇంధనానికీ కూడా ఆయన పేరే స్థిరపడిపోయింది.

ఈ చిన్న విషయం తెలిస్తే డీజిల్ బండి సంరక్షణ సగం తెలిసినట్టే. ఎందుకంటే దానికి కావాల్సినవి మూడే... శుభ్రమైన గాలి, శుభ్రమైన డీజిల్, సరిపడా ఆయిల్. ఈ మూడింటిలో ఏది తప్పినా బండి మొండికేస్తుంది.

నీళ్లే శత్రువు

డీజిల్ ఇంధనమే కాదు, పంపుకీ ఇంజెక్టర్లకీ అదే కందెన. ఇప్పటి కామన్‌రైల్ ఇంజిన్లలో డీజిల్ 1600 బార్‌కు పైగా ఒత్తిడితో పరుగులు తీస్తుంది. కారు టైరులో ఉండేది రెండున్నర బార్ లోపే! అంత ఒత్తిడిలో నడిచే సున్నితమైన భాగాల్లోకి నీటిచుక్క వెళ్లినా, మట్టిరేణువు దూరినా గీతలు పడతాయి, తుప్పు పడుతుంది. బాగుచేయించాలంటే ఖర్చు వేలల్లో కాదు, లక్ష దాటినా ఆశ్చర్యం లేదు.

అందుకే డీజిల్ ఫిల్టర్ అడుగున నీళ్లు చేరే ఏర్పాటు ఉంటుంది. డాష్‌బోర్డు మీద ఫిల్టర్, నీటిచుక్కలు కలిసిన బొమ్మ వెలిగిందంటే నీళ్లు నిండాయని అర్థం. చాలా బండ్లలో ఫిల్టర్ కింద ఉండే మరను కాస్త వదులు చేస్తే నీళ్లు దిగిపోతాయి. శుభ్రమైన డీజిల్ రాగానే బిగించేయాలి. ట్రాక్టర్లలో అయితే గాజుగిన్నెలో నీళ్లు కంటికే కనిపిస్తాయి. వానాకాలంలో ఈ పని మరింత తరచుగా చేయాలి. ఫిల్టర్‌ను కంపెనీ చెప్పిన గడువుకే మార్చాలి. చౌకగా వస్తుందని నాసిరకం ఫిల్టర్ వేయిస్తే ఆ మిగిలిన డబ్బు పదింతలై ఇంజెక్టర్ల దగ్గర పోతుంది.

ఇంకో మాట. ట్యాంకులో ఎప్పుడూ కనీసం పావువంతు డీజిల్ ఉంచండి. అడుగంటా నడిపితే ట్యాంకు కింద పేరుకున్న మడ్డి పైపుల్లోకి వస్తుంది. కిరోసిన్ కలపడం లాంటి ‘పొదుపు’ చిట్కాల జోలికి అసలే వెళ్లొద్దు.

గాలి... ఆయిల్... నీళ్లు

దుమ్ముదారుల్లో, పొలాల మధ్య తిరిగే బండికి ఎయిర్‌ఫిల్టర్ త్వరగా పూడిపోతుంది. గాలి అందకపోతే డీజిల్ పూర్తిగా మండదు. నల్లటి పొగ, తగ్గే మైలేజీ దాని గుర్తులు. కాగితం ఫిల్టర్‌ను నీళ్లతో కడగకూడదు. పాడైతే మార్చడమే. ట్రాక్టర్లకు ఉండే ఆయిల్ గిన్నె రకమైతే అందులోని బురదను తీసి, గుర్తు వరకూ కొత్త ఆయిల్ పోయాలి.

ఇంజిన్ ఆయిల్ వారానికోసారి చూడాలి. బండిని చదునైన చోట ఆపి, పది నిమిషాలయ్యాక గేజి తీసి తుడిచి, మళ్లీ ముంచి చూడాలి. రెండు గీతల మధ్య ఉంటే సరే. డీజిల్ ఇంజిన్లో కొత్త ఆయిల్ కూడా కొద్దిరోజులకే నల్లబడుతుంది. మసిని తనలో కలుపుకోవడం దాని పని కాబట్టి కంగారు పడక్కర్లేదు. పాలు కలిసిన కాఫీ రంగులోకి మారితే మాత్రం అందులో నీళ్లు కలుస్తున్నట్టు. ఆ బండిని ఇక నడపొద్దు. ఆయిల్ తగ్గడానికి బదులు పెరుగుతూ డీజిల్ వాసన కొడుతున్నా వర్క్‌షాపుకు చూపించాల్సిందే.

కూలెంట్ డబ్బాలో మట్టం తగ్గితే కంపెనీ చెప్పిన కూలెంటే పోయాలి. ఎప్పుడూ బోరునీళ్లు పోస్తే రేడియేటర్లో పాచి, ఉప్పు పేరుకుపోతాయి.

టర్బో ఉన్న ఇంజిన్లకు ఇంకో జాగ్రత్త కావాలి. నిమిషానికి లక్ష చుట్లకు పైగా తిరిగే చక్రం అది. హైవే మీద వేగంగా వచ్చి ఠక్కున తాళంచెవి తిప్పేయకుండా ఓ నిమిషం ఇంజిన్‌ను అలాగే ఉంచి ఆపాలి. పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు కూడా అంతే. ఆయిల్ పైకి చేరేదాకా యాక్సిలరేటర్ తొక్కొద్దు. చలికాలంలో చుట్టచుట్టిన తీగలాంటి పసుపు లైటు ఆరేదాకా ఆగి సెల్ఫ్ కొట్టండి. హీటర్ ప్లగ్గులు వేడెక్కుతున్నాయని ఆ లైటు చెబుతుంది.

పొగ చెప్పే సంగతులు

సైలెన్సర్ నుంచి వచ్చే పొగ ఇంజిన్ ఆరోగ్యాన్ని చెబుతుంది. నల్లగా వస్తుంటే గాలి తక్కువైనట్టో ఇంజెక్టర్ పాడైనట్టో! నీలంగా ఉంటే ఆయిల్ మండిపోతోంది. ఇంజిన్ వేడెక్కాక కూడా తెల్లపొగ ఆగకుండా వస్తుంటే కూలెంట్ లోపలికి దూరుతోందనో, డీజిల్ మండకుండానే బయటకు వస్తోందనో అనుమానించాలి.

2020 ఏప్రిల్ ఒకటి నుంచి మన దేశంలో బీఎస్-6 నిబంధనలు వచ్చాయి. అప్పటి నుంచీ డీజిల్ కార్ల సైలెన్సర్ దారిలో మసిని పట్టి ఉంచే డీపీఎఫ్ అనే జల్లెడ ఉంటోంది. పోగైన మసిని అది వేడితో తనే కాల్చేసుకుంటుంది. రోజూ బడికీ బజారుకీ మాత్రమే తిరిగే బండిలో ఆ వేడి పుట్టదు. లైటు వెలిగితే ఖాళీ హైవే మీద ఓ ఇరవై నిమిషాలు గంటకు 60 కిలోమీటర్లకు పైగా ఒకే వేగంతో నడిపితే చాలాసార్లు సర్దుకుంటుంది. పట్టించుకోకుండా వదిలేస్తే మాత్రం జల్లెడ పూర్తిగా మూసుకుపోతుంది. రోజుకు రెండుమూడు కిలోమీటర్లే తిరిగే కుటుంబానికి డీజిల్ బండి అంత నప్పకపోవడానికి ఇదీ ఒక కారణం.

లారీలు, బస్సులతోపాటు కొన్ని కార్లలో యూరియా ద్రావణానికి వేరే ట్యాంకు ఉంటుంది. దాని మూత సాధారణంగా నీలం రంగులో ఉంటుంది. అది పొరపాటున డీజిల్ ట్యాంకులో పడితే పంపు, ఇంజెక్టర్లు అన్నీ పాడైపోతాయి. ఆ బండిని స్టార్ట్ చేయనే కూడదు.

బండి ఆగిపోతే... ముందు మనుషులు!

‘ఆగి ఉన్న లారీని ఢీకొన్న కారు’... పేపర్లో ఎన్నిసార్లు చదివాం! బండి ఆగిపోవడం కంటే ఆగిన తీరే ప్రాణాల మీదికి తెస్తుంది. కాబట్టి తొలిపని బానెట్టు ఎత్తడం కాదు. వీలైనంత ఎడమపక్కకు, రోడ్డు దిగేలా బండిని చేర్చండి. నాలుగు ఇండికేటర్లూ వెలిగించండి. పిల్లల్నీ పెద్దల్నీ ట్రాఫిక్ లేని వైపు నుంచి దించి, రోడ్డుకు దూరంగా నిలబెట్టండి. బండి వెనక 50 మీటర్ల దూరంలో మెరిసే ఎర్ర త్రికోణం పెట్టండి. బండి వెనకో ముందో నిలబడి ఫోన్లు మాట్లాడొద్దు. జాతీయ రహదారి మీదైతే 1033కి, ప్రమాదమైతే 112కి, అంబులెన్సు కోసం 108కి ఫోన్ చేయొచ్చు.

ఆ తరవాతే మిగతావి.

డీజిల్ అయిపోతే: పైపుల్లోకి గాలి చేరుతుంది. మళ్లీ డీజిల్ పోసినా వెంటనే స్టార్ట్ కాదు. మెకానిక్కులు దీన్నే ‘ఎయిర్ పట్టింది’ అంటారు. ఫిల్టర్ మీద చేతిపంపు ఉంటే అది గట్టిపడే దాకా నొక్కాలి. పాతబండ్లు, ట్రాక్టర్లలో ఫిల్టర్ మీది మర వదులు చేసి, బుడగలు ఆగేదాకా పంపు కొట్టి బిగించాలి. కామన్‌రైల్ బండిలో మాత్రం ఇంజెక్టర్ల పైపులు వదులు చేయొద్దు. ఆ ఒత్తిడికి డీజిల్ చర్మాన్ని చీల్చుకుని లోపలికి వెళుతుంది. పైకి సూదిపోటులా కనిపించినా వేలు తీసేయాల్సి రావచ్చు. అలా జరిగితే నొప్పి లేదని ఊరుకోక వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇక సెల్ఫ్ విషయం. ఆగకుండా కొట్టకూడదు. పది సెకన్లు కొట్టి, అర నిమిషం ఆగి మళ్లీ ప్రయత్నించాలి.

పెట్రోలు పోయిస్తే: బంకులో తొందరలో జరిగేదే. అక్కడే గుర్తిస్తే అదృష్టం. తాళంచెవి కూడా తిప్పొద్దు. తిప్పితే ట్యాంకులోని పంపు ఆ పెట్రోలును ముందుకు తోసేస్తుంది. డీజిల్‌కు ఉన్న జిడ్డు పెట్రోలుకు ఉండదు కాబట్టి పంపు అరిగిపోతుంది. బండిని తోయించి పక్కన పెట్టి ట్యాంకు ఖాళీ చేయించాలి.

ఇంజిన్ వేడెక్కితే: పక్కకు ఆపి ఇంజిన్ ఆపేయండి. కనీసం అరగంట రేడియేటర్ మూత ముట్టుకోవద్దు. లోపలి ఆవిరి మొహమ్మీదికి చిమ్ముతుంది. కాగుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు పగలొచ్చు. చల్లారాక మందపాటి గుడ్డతో మూత నెమ్మదిగా తీసి కూలెంట్ నింపండి. అందుబాటులో లేకపోతే మంచినీళ్లతో దగ్గర్లోని మెకానిక్కు దాకా వెళ్లొచ్చు. ఆయిల్‌క్యాన్ బొమ్మతో ఎర్రలైటు వెలిగితే మాత్రం ఒక్క కిలోమీటరు కూడా నడపొద్దు.

బ్యాటరీ దిగిపోతే: ఇంకో బండి సాయం తీసుకోండి. ఎర్రతీగ ముందు దిగిపోయిన బ్యాటరీ ప్లస్‌కు, రెండో కొస మంచి బ్యాటరీ ప్లస్‌కు. నల్లతీగ మంచి బ్యాటరీ మైనస్‌కు, దాని రెండో కొస మీ బండి ఇంజిన్ మీది రంగులేని లోహానికి. తీసేటప్పుడు ఇదే వరసను వెనక నుంచి పాటించాలి.

ఇంజిన్ ఆగనంటే: అరుదే కానీ భయంకరం. టర్బో సీళ్లు పోతే ఇంజిన్ తన ఆయిల్‌నే తాగుతూ, తాళంచెవి తీసేసినా గావుకేకలు పెడుతూ పరుగెడుతుంది. గేర్ల బండి అయితే బ్రేకు గట్టిగా తొక్కి, పై గేరు వేసి, క్లచ్ ఒక్కసారిగా వదలాలి. ఇంజిన్ ఆగిపోతుంది. ఆగకపోతే అందరూ దిగి దూరంగా వెళ్లాలి. గాలి పీల్చే గొట్టానికి చెయ్యి అడ్డం పెట్టొద్దు.

ఘాట్‌లో న్యూట్రల్ వద్దు

శ్రీశైలం, అరకు, తిరుమల... ఎక్కడైనా దిగేటప్పుడు డీజిల్ ఆదా అవుతుందని ఇంజిన్ ఆపి బండిని దొర్లించేవాళ్లున్నారు. డీజిల్ బండిలో బ్రేకుకు బలాన్నిచ్చే వాక్యూమ్ పంపు సాధారణంగా ఇంజిన్‌తోనే తిరుగుతుంది. ఇంజిన్ ఆగితే రెండుమూడుసార్లు తొక్కేసరికి పెడల్ రాయిలా బిగుసుకుపోతుంది. పవర్ స్టీరింగూ గట్టిపడుతుంది. ఇక ఆ బండి ఎక్కడ ఆగుతుందో మన చేతుల్లో ఉండదు. ఏ గేరులో కొండ ఎక్కుతారో ఆ గేరులోనే దిగాలి. నిజానికి గేరులో ఉండి యాక్సిలరేటర్ వదిలేస్తే ఇప్పటి ఇంజిన్లు డీజిల్ తాగడమే ఆపేస్తాయి. అంటే ఆ ‘పొదుపు’లో పొదుపు కూడా లేదు!

వరదలో చిక్కితే...

2020 అక్టోబరులో హైదరాబాద్‌ను, 2024 సెప్టెంబరులో విజయవాడను వరద ముంచెత్తినప్పుడు ఎన్నో బండ్లు నీళ్లలో మునిగిపోయాయి. నీళ్లు దిగాక ‘ఓసారి చూద్దాం’ అని సెల్ఫ్ కొట్టడమే అసలు ముప్పు. గాలిని నొక్కొచ్చు, నీటిని నొక్కలేం. సిలిండర్లో నీళ్లుంటే కనెక్టింగ్ రాడ్డు వంగిపోతుంది. అప్పటిదాకా బాగున్న ఇంజిన్ ఆ ఒక్క తిప్పుతో పనికిరాకుండా పోతుంది. మునిగిన బండిని ఉన్నదున్నట్టు ఫొటోలు తీసి, బ్యాటరీ తీగ తీయించి, బీమా కంపెనీకి చెప్పి, లాక్కెళ్లేలా ఏర్పాటు చేసుకోవాలి. నీళ్లున్న ఇంజిన్‌ను తిప్పడం వల్ల జరిగిన నష్టానికి మామూలు పాలసీలు చాలావరకూ వర్తించవు. పాలసీ తీసుకునేటప్పుడే ఇంజిన్ రక్షణ ఉందో లేదో అడగండి. రోడ్డు మీద నీళ్లు టైరులో సగం దాటితే వెనక్కి తిరగడమే మంచిది.

డిక్కీలో ఇవి ఉండాలి

గాలి ఉన్న స్టెప్నీ, జాకీ, వీల్‌పానా, ఎర్ర త్రికోణం, టార్చిలైటు, బ్యాటరీ తీగలు, లీటరు ఇంజిన్ ఆయిల్, కూలెంట్, అయిదు లీటర్ల నీళ్లు, చేతి తొడుగులు, మందుల పెట్టె. పొడి చల్లే మంటలార్పే సిలిండర్ మాత్రం డిక్కీలో కాదు, డ్రైవరు చేతికందేలా ఉండాలి. బానెట్టులోంచి మంటలొస్తే దాన్ని పూర్తిగా ఎత్తొద్దు. గాలి తగిలి మంట ఎగదన్నుతుంది. సందులోంచే పొడి కొట్టాలి.

బండితోపాటు కంపెనీ ఇచ్చిన చిన్న పుస్తకం డాష్‌బోర్డు అరలో కవరు కూడా విప్పకుండానే ఉంటుంది చాలా ఇళ్లలో. ఓ ఆదివారం మధ్యాహ్నం దాన్ని బయటకు తీయండి. ఏ లైటు వెలిగితే ఏమిటో, జాకీ ఎక్కడ పెట్టాలో, ఫిల్టర్ ఎక్కడుందో ఇంట్లో నడిపే ప్రతి ఒక్కరికీ చూపించండి. అబ్బాయికే కాదు, అమ్మాయికీ, ఆవిడకీ కూడా. అర్ధరాత్రి హైవే మీద బండి ఆగినప్పుడు స్టీరింగు ముందు ఎవరుంటారో ఎవరు చెప్పగలరు!