ఓడినవాళ్లే టేబుల్ చార్జీ కట్టాలా?.. బిలియర్డ్స్‌లో హ్యాండిక్యాప్ లెక్క ఇదీ!

చాలా బిలియర్డ్స్ పార్లర్లలో ఓ అలవాటు ఉంది. గేమ్ ఓడినవాళ్లే టేబుల్ చార్జీ కట్టాలి. ఇద్దరూ సమానంగా ఆడేవాళ్లయితే ఓకే. కానీ ఏళ్లుగా ఆడుతున్న సీనియర్‌తో కొత్త కుర్రాడు తలపడితే?.. రోజూ జేబు ఖాళీ అయ్యేది కుర్రాడిదే. కొన్నాళ్లకు ఆటే మానేస్తాడు. అలా ఒక్కొక్కరూ తప్పుకుంటే ఇక లీగ్ ఎక్కడిది? దీనికి మందే హ్యాండిక్యాప్. అంటే వీక్ ప్లేయర్‌కు ముందే కొన్ని పాయింట్లు ఇచ్చి గేమ్ మొదలుపెట్టడం.

ఎన్ని పాయింట్లు ఇవ్వాలి?

అందాజాగా ఇస్తే గొడవే. లెక్క మాత్రం సింపుల్. కొట్టిన మొత్తం పాయింట్లను, ఆడిన టర్న్‌ల సంఖ్యతో భాగిస్తే సగటు వస్తుంది. సీనియర్ సగటు 8, కుర్రాడిది 6 అనుకుందాం. 100 పాయింట్ల గేమ్‌లో సీనియర్ వంద కొట్టేసరికి కుర్రాడు 75 దగ్గర ఉంటాడు. అంటే కుర్రాడికి ఇవ్వాల్సింది 25 పాయింట్లు.

కావాలనే తక్కువ కొడితే?

పాయింట్లు ఎక్కువ వస్తాయని కొందరు ముందు మ్యాచ్‌ల్లో కావాలనే చెత్తగా ఆడొచ్చు. దీనికి గోల్ఫ్‌లో ఓ విరుగుడు ఉంది. 2020లో వచ్చిన వరల్డ్ హ్యాండిక్యాప్ సిస్టమ్‌లో చివరి 20 స్కోర్లలో బెస్ట్ 8 మాత్రమే లెక్కలోకి తీసుకుంటారు. కావాలని ఆడిన చెత్త గేమ్‌లు పక్కకు పోతాయి. లోకల్ లీగ్‌లోనూ చివరి 10 గేమ్‌ల్లో బెస్ట్ 4 తీసుకుంటే సరిపోతుంది.

మూడు ఊళ్లు.. మూడు టేబుళ్లు

అసలు చిక్కు ఇక్కడే. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్లేయర్లు కలిసి ఓ లీగ్ పెట్టుకున్నారనుకుందాం. అన్ని టేబుళ్లూ ఒకేలా ఉండవు. ఒకచోట పాకెట్లు టైట్, ఇంకోచోట క్లాత్ అరిగిపోయి ఉంటుంది. అందుకే మూడు ఊళ్లలోనూ ఆడినవాళ్ల స్కోర్లు పోల్చి చూడాలి. అదే ప్లేయర్లకు మదనపల్లెలో సగటు 8, పుంగనూరులో 6 వస్తోందంటే.. పుంగనూరు టేబుల్ టఫ్ అని అర్థం. అప్పుడు పుంగనూరులో 6 కొట్టే కుర్రాడు, మదనపల్లెలో 8 కొట్టే సీనియర్‌కు సమానం. ఇద్దరి మధ్య హ్యాండిక్యాప్ జీరో! టేబుల్ సంగతి చూడకుండా 25 పాయింట్లు ఇచ్చేస్తే ఈసారి అన్యాయమయ్యేది సీనియర్‌కే.

కొత్తవాళ్ల ఆట త్వరగా మెరుగవుతుంది. కాబట్టి నెలకోసారి సగటు మళ్లీ లెక్కేయాలి. ఎవరికి ఎన్ని పాయింట్లో, ఎలా వచ్చాయో అందరికీ కనిపించేలా గోడకు అంటించాలి. లెక్క కళ్లముందే ఉంటే.. ఓడినవాళ్లు కూడా టేబుల్ చార్జీ గొణక్కుండా కడతారు.