క్లబ్బు గోడ ఎక్కడ ఆగుతుంది? చట్టం ఎక్కడ మొదలవుతుంది?

2014 జులైలో చెన్నైలో ఒక పుస్తకావిష్కరణ జరిగింది. వేదిక తమిళనాడు క్రికెట్ అసోసియేషన్ క్లబ్బు. ఆహ్వానం మీద వెళ్లిన మద్రాసు హైకోర్టు న్యాయమూర్తి జస్టిస్ హరిపరంథామన్‌ను లోపలికి రానివ్వలేదు. ఆయన పంచె కట్టుకుని రావడమే కారణం. రాష్ట్రమంతా మండిపడింది. ఆగస్టులోనే శాసనసభ చట్టం చేసింది. పంచె కట్టారని క్లబ్బులో గానీ, హాల్లో గానీ ఎవరినీ ఆపకూడదు. ఆపితే ఏడాది దాకా జైలు, 25,000 రూపాయల దాకా జరిమానా.

'ప్రైవేటు క్లబ్బు, మా రూల్సు మావి' అనే మాట అలా ఒక్క నెలలో చెల్లకుండా పోయింది. మరి కులం దగ్గరకు వచ్చేసరికి ఆ గోడ ఎందుకంత గట్టిగా కనిపిస్తుంది?

కులం పేరు రాయని రూలు

ఢిల్లీ సఫ్దర్‌జంగ్ రోడ్డులో 27 ఎకరాల పైన ప్రభుత్వ లీజు భూమిలో ఢిల్లీ జింఖానా క్లబ్బు ఉంది. 1913లో 'ఇంపీరియల్' అనే మాటతో మొదలైంది, స్వాతంత్ర్యం వచ్చాక ఆ మాట పోయింది. కన్నాట్ ప్లేస్ గీసిన రాబర్ట్ టోర్ రస్సెలే ఈ భవనాన్నీ గీశాడు. మన సికింద్రాబాద్ క్లబ్బు కూడా 1878 నాటి బ్రిటిష్ కంటోన్మెంటు కాలానిదే.

ఇలాంటి క్లబ్బుల నిబంధనల్లో కులం అనే మాట కనిపించదు. ఆ అవసరం కూడా లేదు. మామూలు పద్ధతి ఇది: ఒక సభ్యుడు మీ పేరు ప్రతిపాదించాలి, ఇంకొకరు బలపరచాలి, కమిటీ ఒప్పుకోవాలి, ఏళ్ల తరబడి వరుసలో ఉండాలి. సభ్యుల పిల్లలకు దారి దగ్గర. ఆ ఇద్దరు సభ్యులు మనకు ఎక్కడ పరిచయమవుతారు? బడిలో, ఆఫీసులో, పెళ్లి సంబంధాల్లో. ఆ మూడు చోట్లా కులం ముందే వడపోసింది. క్లబ్బు కొత్తగా వివక్ష చూపకపోయినా, పాత వివక్షను వారసత్వంగా అందిస్తుంది. 2021లో జింఖానా కేసు విన్న కంపెనీ లా అప్పిలేట్ ట్రిబ్యునల్ ఆ సభ్యత్వ విధానాన్ని వర్ణవివక్షతోనే పోల్చింది.

వలస పాలనలో బెంగాల్ క్లబ్బు భారతీయులను రానివ్వకపోతే, ఆ అవమానంలోంచి 1907లో కలకత్తా క్లబ్బు పుట్టింది. రంగు గోడ కూలింది. సభ్యులే సభ్యులను ఎంచుకునే పద్ధతి మాత్రం అలాగే ఉండిపోయింది.

రాజ్యాంగం ఏమంటుంది?

ఇక్కడ రెండు హక్కులు ఎదురుపడతాయి. 19(1)(సి) అధికరణం సంఘం పెట్టుకునే స్వేచ్ఛ ఇస్తుంది. పార్సీలకే సభ్యత్వమిచ్చే ఒక గృహనిర్మాణ సొసైటీ నిబంధనను 2005లో సుప్రీంకోర్టు ఈ స్వేచ్ఛ పేరుతోనే సమర్థించింది. క్లబ్బులకు బలమైన ఆధారం ఇదే.

రెండో వైపు 15(2) అధికరణం ఉంది. దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల్లోకి కులం కారణంగా ఎవరినీ ఆపకూడదని అది చెబుతుంది. 1948 నవంబరు 29న రాజ్యాంగ సభలో 'దుకాణం' అంటే ఏమిటన్న ప్రశ్న వచ్చింది. అడిగినవారికి సేవ అందించడానికి సిద్ధపడే ఏ చోటైనా అందులోకి వస్తుందని అంబేద్కర్ విడమరిచి చెప్పారు. 2011లో సుప్రీంకోర్టు ఆ వివరణనే పట్టుకుని ప్రైవేటు విద్యాసంస్థలనూ ఆ మాట కిందకు తెచ్చింది. ఇక అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణంలో ప్రైవేటు స్థలాలకు మినహాయింపే లేదు.

కాబట్టి గీత ఇక్కడ గీయాలి. ఎవరిని సభ్యులుగా చేర్చుకోవాలన్నది ఒక విషయం. అదే క్లబ్బు లానును పెళ్లిళ్లకు, హాలును సభలకు అద్దెకిచ్చి బయటివారి దగ్గర డబ్బు తీసుకుంటే అది వేరే విషయం. 1955 పౌరహక్కుల పరిరక్షణ చట్టం ప్రకారం ఖాతాదారులకు సేవలందించే ఏ చోటైనా దుకాణమే. ప్రజలను రానిచ్చి వినోదం ఏర్పాటు చేసే చోటు ప్రజా వినోద స్థలం. అద్దెకు పెట్టిన గేటు దగ్గర 'ప్రైవేటు' అనే మాట బలం తగ్గిపోతుంది.

మనం చేయగలిగింది

హాలు ఇవ్వనన్నా, లోపలికి రానివ్వకపోయినా కారణం రాతపూర్వకంగా అడగండి. ఇవ్వకపోతే అడిగిన మెయిల్, రేట్ల కాగితం, సాక్షుల పేర్లు దాచుకోండి. అదే తేదీకి ఇంకొకరికి ఇచ్చారేమో కనుక్కోండి. పౌరహక్కుల చట్టం 4వ సెక్షన్, అత్యాచార నిరోధక చట్టం 3(1)(జెడ్ఏ)(డి) ఇలాంటి నిరాకరణ గురించినవే. పౌరహక్కుల చట్టం 12వ సెక్షన్ చాలామందికి తెలియదు. ఆ చట్టం కింద నేరమయ్యే పని ఎస్సీ వ్యక్తి విషయంలో జరిగితే, అది అంటరానితనం వల్లే జరిగిందని కోర్టు భావించాలి. కాదని నిరూపించుకోవాల్సింది అవతలివారే.

రెండోది భూమి. క్లబ్బు సమాచార హక్కు చట్టం కిందకు రాదని వాదించవచ్చు, కానీ భూమి లీజుకిచ్చిన ప్రభుత్వ కార్యాలయం వస్తుంది. లీజు ఎన్నేళ్లకు, అద్దె ఎంత, ఏ షరతులతో ఇచ్చారో ఒక దరఖాస్తుతో అడగవచ్చు. ప్రజల భూమి మీద నిలబడి 'మా ఇష్టం' అంటున్నవారిని ప్రశ్నించాలంటే ముందు ఆ కాగితం మన చేతికి రావాలి.