నవ్వుచు నేర్పిన శాస్త్రజ్ఞుడు

తొలకరి జల్లులు పడగానే మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతముల పల్లెలలో పిల్లలు తుమ్మచెట్ల చెంత జీరంగులను వెదకుదురు. బంగారమువలె తళతళలాడు ఆ పురుగును అగ్గిపెట్టెలో దాచి మురిసిపోవుదురు. పేడకుప్పలలోని పేడపురుగును, చీకటిలో వెలుగు మిణుగురును ఈ జీరంగికి చుట్టములే. వీనికన్నిటికిని పెంకుపురుగులని పేరు. శాస్త్రజ్ఞులు ఇంతవరకు గుర్తించిన పెంకుపురుగుల రకములు సుమారు 4,00,000.

సృష్టిని పరిశీలించినచో సృష్టికర్తను గురించి ఏమి తెలియునని కొందరు మతపండితులు ఒక జీవశాస్త్రజ్ఞుని అడిగిరట. ఆయనకు పెంకుపురుగులనిన మితిమీరిన మక్కువ యని తెలియునని ఆ శాస్త్రజ్ఞుడు బదులు చెప్పెనట. విన్నవారు నవ్వియుందురు, కాని ఆ నవ్వుతోపాటు ప్రాణికోటిలో పెంకుపురుగుల ఆధిక్యము వారి మనసులలో నాటుకొనియుండును. ఇట్లు నవ్వించుచు నేర్పిన ఆ శాస్త్రజ్ఞుడే జె. బి. యస్. హాల్డేన్.

హాల్డేన్ 1892వ సంవత్సరమున ఇంగ్లండులోని ఆక్స్‌ఫర్డు నగరమున జన్మించెను. డార్విన్ పరిణామవాదమును మెండెల్ వంశపారంపర్య సూత్రములతో గణితము మూలమున జోడించిన ముగ్గురు మహనీయులలో ఆయన యొకడు. ఆయన తండ్రి గనులలోని వాయువులను పరిశోధించిన శాస్త్రవేత్త. ఒకనాడు ఆయన తన కుమారుని బొగ్గుగనిలోనికి తీసికొనిపోయి, ఒకచోట నిలువబెట్టి, షేక్స్‌పియరు నాటకములోని ఆంటొనీ ఉపన్యాసమును వల్లింపుమనెను. బాలుడు కొన్ని పంక్తులు చదువునంతలో ఊపిరాడక, మోకాళ్లు సడలి నేలకూలెను. నేలపై పడగానే మరల ఊపిరి కుదుటపడెను! కారణమేమి? గనిలో వెలువడు మీథేను వాయువు గాలికంటె తేలికైనది. అది పైకప్పు చెంత చేరును. నేలపై మంచిగాలి యుండును. ఆ పాఠమును బాలుడు ఎన్నడును మరువలేదు.

పెద్దవాడైన పిమ్మట హాల్డేన్ తన దేహమునే ప్రయోగశాలగా చేసికొనెను. 1939లో థీటిస్ అను జలాంతర్గామి మునిగి 99 మంది మరణించిరి. వారి మరణమునకు కారణము నెరుగుటకై ఆయనయు, మరికొందరును మూసిన ఉక్కుగదిలో గంటల తరబడి కూర్చుండి, చెడిన గాలిని పీల్చి, తమ బాధలను తామే వ్రాసికొనిరి. సముద్రగర్భమున పనిచేయు నావికుల క్షేమమునకై అధిక పీడనమున చేసిన ప్రయోగములలో కర్ణభేరి చిల్లుపడుటయు కలదు. దానికి ఆయన చింతింపలేదు. చిల్లు పూడనిచో కొంత చెవుడు వచ్చును గాని, పొగాకు పొగను చెవిగుండ వదలి నలుగురిని వినోదపరుపవచ్చునని చమత్కరించెను!

1957లో ఆయన ఇంగ్లండును వీడి భారతదేశమునకు వచ్చి, కలకత్తాలోని భారత గణాంకశాస్త్ర సంస్థలో చేరెను. ఇందుకు గంభీరమైన కారణములు లేకపోలేదు. కాని, అరువది యేండ్లు మేజోళ్లు తొడిగినది చాలునని ఆయన హాస్యమాడెడివాడు. భారతీయ వస్త్రములు ధరించి, శాకాహారియై, 1961లో భారత పౌరుడయ్యెను. విలువైన యంత్రములు లేకున్నను, చుట్టునున్న ప్రకృతిని చూచియే గొప్ప పరిశోధనలు చేయవచ్చునని ఆయన బోధించెను. పిఠాపురమున జన్మించిన కృష్ణ ద్రోణంరాజు ఆయన శిష్యుడు. చెవులపై వెండ్రుకలు మొలచుట తండ్రినుండి కుమారునకు ఎట్లు సంక్రమించునో ఈ శిష్యుడు పరిశోధించెను. చూచువారికి ఇది నవ్వులాటగా తోచవచ్చును. శాస్త్రమునకు అదియు సమస్యయే.

ఆయన హాస్యమునకు కఠిన పరీక్ష తుదకు వచ్చెను. ఆయనకు క్యాన్సరు సోకినట్లు తెలిసెను. లండనులో శస్త్రచికిత్స జరిగిన పిమ్మట, ఆ వ్యాధి మీదనే ఒక హాస్యగీతము వ్రాసి ప్రకటించెను. ఆ కాలమున పలువురు ఆ వ్యాధి పేరెత్తుటకే జంకుచుండిరి. భయపడి దాచుకొనక, ఆలసింపక వైద్యుని చూడుడని చెప్పుటయే ఆ గీతము యొక్క ఉద్దేశ్యము. అంతటితో ఆగక, తన మరణానంతరము ప్రసారము చేయుటకై తన జీవిత విశేషములను తానే చెప్పి బి.బి.సి.వారిచే చిత్రింపజేసెను.

1964 డిసెంబరు 1న హాల్డేన్ భువనేశ్వరమున కన్నుమూసెను. తన దేహమును కాకినాడలోని రంగరాయ వైద్యకళాశాల విద్యార్థుల అధ్యయనమునకు ఇయ్యవలెనని ఆయన వీలునామా వ్రాసియుంచెను. ఇక తనకు దానితో పని లేదు గనుక ఇతరులకు ఉపయోగపడనిమ్మని ఆయన భావము. బ్రతికినన్నాళ్లు విజ్ఞానమునకై శ్రమపడిన దేహము మరణించిన పిదపను తెలుగునాట పాఠమయ్యెను.

బాలబాలికలారా! ఇతరులను నొప్పించు పరిహాసము సులభము. తన కష్టమును చూచి తాను నవ్వగలుగుట, ఆ నవ్వుతో ఇతరుల భయమును పోగొట్టుట గొప్పవారికే సాధ్యము. ఈసారి మీ చేతికి జీరంగి చిక్కినపుడు దాని రెక్కల తళుకును కనులార చూచి, మరల చెట్టుపై విడిచిపెట్టుడు. అప్పుడు ఆ మహనీయుని మాట జ్ఞప్తికి వచ్చి, మీ పెదవులపై చిరునవ్వు మెరయక మానదు.